మా చెల్లెలి తెలివి ఎన్నో రకం?

సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు కవిత రాద్దామనే కూర్చున్నాను. నాలుగు పాదాలు రాసేసరికి నాకే నవ్వొచ్చింది. కవిత్వం నా వల్ల కాదని తేలిపోయింది గనుక నాకు బాగా తెలిసిన ఒక్క సంగతి మీతో మనవి చేసుకుంటాను. అది మా చెల్లెలి సంగతి. ఆమెకు చదివి వినిపించి, "రాసుకో పో" అన్నాకనే ఇస్తున్నాను.

మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, బస్సు దిగి మూడు మైళ్ళు నడిస్తే వచ్చే పల్లె. అంతా నల్లరేగడి. వాన పడితే కాలు పైకి రాదు, పడకపోతే బీటల్లో చెయ్యి దూరుతుంది. తుంగభద్ర దిగువ కాలువ పక్క ఊళ్ళ దాకా వచ్చి మా ఊరిని మాత్రం మరిచిపోయింది. మాకు నాలుగున్నర ఎకరాల మెట్ట. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. చెల్లెలు నాకంటే ఐదేళ్ళు చిన్నది.

బడిలో ఆమెకు ఒక బిరుదు ఉండేది. "మొద్దు". ఎవరు మొదట అన్నారో తెలియదు. అయ్యవారు అన్నారు, పిల్లోళ్ళు అన్నారు, చివరకు ఇంట్లో మేమూ అన్నాం. నేనూ అన్నాను. ఈ వ్యాసం రాయడానికి ముందుగా ఆ మాట ఒప్పుకోవాలి.

నేను డిగ్రీలో చేరిన ఏడు ఆమె ఏడో తరగతి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆమె సైన్సు పరీక్ష కాగితం చూశాను. "పువ్వు బొమ్మ గీసి భాగాలు గుర్తించుము" అన్న ప్రశ్న కింద గుండ్రంగా ఒక గీత, దాని పక్కన సున్న మార్కులు. ఏ గుండ్రం పువ్వో, ఏ గుండ్రం మార్కో తెలియకుండా ఉంది. నేను నవ్వాను. ఆమె ఏమీ అనకుండా కాగితం లాక్కొని పోయింది.

ఆ సాయంత్రం నాయనతోపాటు పక్క ఊరి సీడు పత్తి చేనికి పోయాను. సీడు పత్తి అంటే మా పక్క మిత్రులకు తెలుసు, తెలియనివారికి చెబుతాను. పత్తిలో సంకర విత్తనం తయారు చేయాలంటే పొడుగూతా చేతిపనే. సూరత్ పరిశోధనా కేంద్రంలో సి.టి. పటేల్ గారు 1970లో హెచ్–4 అనే సంకర పత్తిని తెచ్చారు. వ్యాపార స్థాయిలో ప్రపంచంలో అదే మొదటి సంకర పత్తి. మా వైపు చేసే పద్ధతి ఇది. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రం కనిపెట్టాలి. బొటనవేలి గోరుతో ఆకర్షక పత్రాలనూ వాటితోపాటు కేసరాల గొట్టాన్నీ ఒడుపుగా ఒలిచేయాలి. లోపలి అండాశయానికి గీత కూడా పడకూడదు. గుర్తుకు ఒక రంగు కాగితం తొడగాలి. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి, దాని పుప్పొడి కీలాగ్రానికి రుద్దాలి. ఒక్క కేసరం మిగిలినా ఆ కాయలో సొంత విత్తనం కలుస్తుంది, సరుకు శుద్ధి పరీక్షలో పోతుంది. రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. దీనికి మా వైపు ఆడపిల్లలను పిలుస్తారు. వేళ్ళు సన్నగా ఉంటాయి, ఎదురు మాట్లాడరు, కూలి తక్కువ.

ఆ చేనులో వంగి మొగ్గలు ఒలుస్తున్న పిల్లల్లో మా చెల్లెలు ఉంది. బడి నుంచి నేరుగా వచ్చింది. ఆమె చేతులు చూస్తూ నిలబడిపోయాను. ఒక మొగ్గకు నాలుగు క్షణాలు పట్టలేదు. మా కాలేజీ ల్యాబులో ఫోర్‌సెప్స్, సూది, లెన్సు పెట్టుకొని నేను మందార పువ్వు విప్పితే అండాశయం రెండు ముక్కలయింది. పొద్దున సున్న తెచ్చుకున్న పిల్ల సాయంత్రం నా కండ్లముందే నాకు రాని ప్రాక్టికల్ చేస్తోంది!

"ఎంత కూలి ఇస్తారు నాయనా?" అన్నాను. నాయన చెప్పినాడు. చెప్పి, "నీ మెస్సు బిల్లుకు సరిపోతాది లేప్పా" అన్నాడు. ఆ తరువాత నేనేమీ అడగలేదు.

హాస్టలుకు తిరిగి వచ్చాక మా రూములో ఒక మిత్రుడి వద్ద ఉపాధ్యాయ శిక్షణ గైడు కంటబడింది. అందులో "బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం" అని ఒక అధ్యాయం. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయానికి చెందిన హోవార్డ్ గార్డ్‌నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఒక పుస్తకం రాశాడు. తెలివి అనేది ఒక్క తక్కెడలో తూచే సరుకు కాదన్నాడు. మెదడుకు దెబ్బ తగిలిన రోగులను ఆయన బోస్టన్‌లో ఏళ్ళ తరబడి గమనించాడు. మాట పోయినా పాట పోని మనుషులున్నారు, లెక్క పోయినా దారి మరువని మనుషులున్నారు. అటువంటివి చూసి మొదట ఏడు ప్రజ్ఞలు చెప్పాడు: భాష, తర్కమూ గణితమూ, సంగీతం, శరీర చలనం, స్థలాన్నీ ఆకారాన్నీ ఊహించడం, ఎదుటి మనిషిని గ్రహించడం, తన్ను తాను గ్రహించడం. తరువాత ప్రకృతిని గుర్తించే ప్రజ్ఞను ఎనిమిదోదిగా చేర్చాడు.

మిత్రులారా, ఆ పేజీలు చదువుతుంటే నాకు హార్వర్డు కనబడలేదు, మా తాలూకా కనబడింది. ఆదోని యార్డులో పత్తి కుప్ప నుంచి చిటికెడు దూది తీసి, రెండు చేతుల వేళ్ళతో లాగి చూసి పింజ ఎంత పొడుగో చెప్పే పెద్దమనిషి ఏ బడిలో చదివాడు? 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులో, అంచు పూర్తిగా రాకముందే దాన్ని కండ్లలో నేసుకునే నేతగాడిది ఏ ప్రజ్ఞ? ఇంట్లో కన్నడం, వీధిలో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే ఆదోని పిల్లవాడికి భాష రాదని ఎవరనగలరు? రచ్చకట్ట మీద ఇద్దరన్నదమ్ముల గట్టు తగాదా ఒక్క బీడీ కాలేలోపు తీర్చే ముసలాయనకు మన బిరుదులు ఏమి ఇవ్వగలం? ఆ రాత్రి మా చెల్లెలి వేళ్ళు గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

మన రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు పెట్టారు గదా, 180 గంటలు. మొదటి ఏడు పరీక్షలు కాగానే నేను మా ఊరి బడినే ఎంచుకున్నాను. అప్పటికి చెల్లెలు ఎనిమిదో తరగతి. నలభై రెండు మంది పిల్లోళ్ళు, ఒక గది, ఒక ఫ్యాను. సిద్ధాంతాన్ని పెట్టెలో పెట్టుకొని సైంటిస్టు మాదిరి దిగాను.

మొదటి వారం నేను చేసిన ఘనకార్యం వినండి. గైడు చూసి ప్రశ్నలు తయారు చేసి, పిల్లోళ్ళను ఎనిమిది గుంపులు చేశాను. పాటల గుంపు, ఆటల గుంపు, బొమ్మల గుంపు, లెక్కల గుంపు... ఒకే పాఠాన్ని ఎవరి గుంపు వాళ్ళ పద్ధతిలో నేర్చుకోవాలి. పాటల గుంపు పాడుతుంటే లెక్కల గుంపుకు వినబడలేదు. ఆటల గుంపు గోడ దూకి పోయింది. "తన్ను తాను గ్రహించే" గుంపులో ముగ్గురిని వేస్తే, ఒకడు నిద్రపోయాడు. మధ్యాహ్నం సైన్సు టీచరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసి, "ఎనిమిది తెలివులు సరే నాయనా, పాఠం ఏ గుంపులో ఉంది?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతకుముందు వాళ్ళకు ఒక పేరే ఉండేది, మొద్దు. నేను వచ్చి ఎనిమిది పేర్లు తగిలించాను. అంతే తేడా.

తరువాతి వారం గుంపులు తీసేశాను. పువ్వు పాఠం. ఎవరి పెరట్లోదో మందారపువ్వు తెచ్చి మా చెల్లెలి చేతికిచ్చి, "దీన్ని ఒలిచి అందరికీ చూపించు పాపా" అన్నాను. ఆమె బిక్కచచ్చిపోయి నిలబడింది. బడిలో ఆమెను ఎవరూ ముందుకు పిలిచి ఎరగరు. పువ్వును అటు ఇటు తిప్పింది. మధ్యలో నిలబడ్డ కేసరాల గొట్టం చూసింది. మెల్లగా అన్నది:

"ఇది పత్తి పువ్వు జాతే గదన్నా."

"ఎట్ల చెప్తావు?"

"లోపల ఈ బుర్ర ఒకటే మాదిరి ఉండాది. బెండపువ్వుకు గూడ ఇట్లే ఉంటాది. గోగుపువ్వుకు గూడ."

మందార, పత్తి, బెండ, గోగు. నాలుగూ మాల్వేసీ కుటుంబం. కేసరాలన్నీ కలిసి ఒక గొట్టంగా ఏర్పడి కీలాన్ని చుట్టుకొని ఉండటం ఆ కుటుంబ లక్షణం. దాన్ని "ఏకబంధక కేసరావళి" అంటారని మేము పరీక్షకు కంఠస్థం చేశాం. ఆ మాట తెలియని పిల్ల, చేనులో వేల మొగ్గలు ఒలిచిన పిల్ల, ఆ చుట్టరికాన్ని తన కండ్లతో కనుక్కుంది! తరగతి అంతా ఆమె చుట్టూ మూగింది. ఏది తీయాలో, ఏది తీయగూడదో, పుప్పొడి ఏడ రుద్దాలో ఆమె చెప్పింది. ఇంకో నలుగురు ఆడపిల్లలు, వాళ్ళూ సీడు చేనుకు పోయేవాళ్ళే, "కాదుమే, గోరు ఇట్ల పెట్టల్ల" అని సరిదిద్దినారు. టీచరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి చూసినారు.

నాకు గాలిలో నడిచినట్టుంది. ఆ రాత్రి అన్నాలు తింటూ నాయనకు అంతా చెప్పాను. పాప మొద్దు కాదు నాయనా, తెలివి చానా రకాలు, పుస్తకం తెలివి ఒకటే తెలివి కాదు, దీనికి చేతి తెలివి, చెట్టు చేమల తెలివి ఉంది, అమెరికా ప్రొఫెసరే చెప్పినాడు అని.

నాయన శ్రద్ధగా విన్నాడు. చెయ్యి కడుక్కొని వచ్చి అన్నాడు:

"నేను చెప్పేది గూడ అదే గదప్పా. నీకు సదువు తెలివి ఇచ్చినాడు దేవుడు, పాపకు చేతి తెలివి ఇచ్చినాడు. ఊరికే ఆ బడికి పంపి దాన్ని ఏడిపించేది ఏంటికి? ఈ తూరి క్రాసింగు మొదలైనప్పుడు బడి మాన్పిచ్చి పూర్తిగా చేనికే పంపిద్దాం. సదివిన వానివి నువ్వే చెప్తివి."

నా నోట మాట రాలేదు. నాయన చెడ్డవాడు కాదు. బోరు వేయించిన అప్పు, రెండేండ్లు ఎండిన చేను, నా ఫీజు – వీటి మధ్య ఆయనకు నా సిద్ధాంతం ఒక ఊరటలాగా దొరికింది, అంతే. పొయ్యి దగ్గర కూర్చున్న చెల్లెలు తల ఎత్తకుండా అన్నది:

"బాగుండాది అన్నా. మొద్దు అన్నప్పుడు బడికి పంపిస్తిరి. తెలివి ఉండాదని తెలిసినాక మాన్పిస్తిరి."

మిత్రులారా, ఈ వ్యాసం అంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను.

కర్నూలుకు వచ్చి మళ్ళీ పుస్తకాలు తిరగేశాను. ఈ సారి మెచ్చుకోవడానికి కాదు, ఎక్కడ తప్పానో చూసుకోవడానికి. అసలు తెలివి పరీక్షల కథే ఒక పాఠం. 1905లో పారిస్‌లో బినే, సైమన్ అనే ఇద్దరు తయారుచేసిన పరీక్ష, బడిలో వెనకబడ్డ పిల్లలను గుర్తించి వాళ్ళకు ఎక్కువ సాయం చేయడానికి. పోను పోను అదే, ఫలానా పిల్లవాడు ఇంతే అని ముద్ర వేసే యంత్రమైపోయింది. గార్డ్‌నర్ ఆ ముద్రను చెరపాలని వచ్చాడు. ఆయన సిద్ధాంతాన్ని ఒప్పుకోని శాస్త్రజ్ఞులూ చాలామంది ఉన్నారు. ఈ ప్రజ్ఞలు నిజంగా వేటికవే వేరు అనడానికి పరీక్షల ఆధారం చాలదంటారు. ఒక రకం పరీక్షలో బాగా చేసినవాళ్ళు తక్కిన వాటిలోనూ బాగా చేయడం కనబడుతుందని 1904లోనే స్పియర్‌మన్ చూపాడని గుర్తు చేస్తారు. సైన్సు విద్యార్థిగా ఆ మాటను నేను తోసిపుచ్చలేను. గార్డ్‌నర్ కూడా 2013లో స్పష్టంగా రాశాడు, తన ప్రజ్ఞలకూ "ఈ పిల్లవాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్లవాడు విని నేర్చుకునే రకం" అనే విభజనకూ సంబంధం లేదని. పిల్లల మీద పేర్లు అతికించవద్దనే ఆయన చెప్పింది. నేను ఆయన పేరు చెప్పి సరిగ్గా అదే చేశాను.

అలా చేయనివాళ్ళు మన రాయలసీమలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. పిల్లవాడు పాట, ఆట, కథ, లెక్క దాటుకుంటూ తన వేగంతో మెట్టు ఎక్కుతాడు. అటుపక్క కర్ణాటకలో రాయల్పాడు వద్ద డేవిడ్ హార్స్‌బరో 1972లో నీల్‌బాగ్ బడి పెట్టి పల్లె పిల్లలకు చదువుతోపాటు వడ్రంగం, కుట్టుపని నేర్పించారు. అప్పటికి గార్డ్‌నర్ పుస్తకం రావడానికి ఇంకా పదకొండేళ్ళు ఉంది! వీళ్ళెవరూ "నీకు చేతి తెలివి ఉంది, నీకు అక్షరం ఎందుకు" అనలేదు. చేతిలో ఉన్నదాన్ని పట్టుకొని అక్షరం దాకా నడిపించారు. నేను దాటిపోయిన మెట్టు అదే. మందారం నుంచి పుస్తకానికి దారి వేయకుండా, మందారం దగ్గరే చప్పట్లు కొట్టి ఇంటికి పోయాను.

శనివారం శనివారం బస్సెక్కి ఊరికి పోవడం మొదలుపెట్టాను. ఈ సారి చెల్లెలి భాషలోంచే బయలుదేరాం. ఆమె నోట్సులో ఒకవైపు చేను మాట, ఎదురుగా బడి మాట. బుర్ర ఎదురుగా కేసరావళి. పొడి ఎదురుగా పుప్పొడి. కాయ కట్టే చోటు ఎదురుగా అండాశయం. ఒలిచేది ఎదురుగా విపుంసీకరణ. ఈ చివరి మాట పలకలేక ఆమె పడిపడి నవ్వింది. "ఇంత పని చేసేదానికి ఇంత పేరు ఏంటికన్నా?" అని అడిగింది. పేరు ఉంటే ఊరు దాటి ఎవరితోనైనా మాట్లాడవచ్చు అన్నాను. కాసేపు ఆలోచించి, మళ్ళీ కూడబలుక్కొని రాసింది. బొమ్మ గీయమంటే ఈ సారి గుండ్రం గీత రాలేదు. ఒలిచేటప్పుడు గోరు ఏ క్రమంలో పోతుందో అదే క్రమంలో, బయట నుంచి లోపలికి గీసింది.

క్రాసింగు మొదలయ్యాక ఆమెను చేనికి పంపలేదని రాస్తే ఈ వ్యాసానికి అందం వచ్చేది. అది నిజం కాదు. పన్నెండు రోజులు పోయింది. పద్నాలుగేండ్లు నిండని పిల్లతో ఆ పని చేయించడం చట్టరీత్యా నేరమని తెలిసినవాణ్ణి నేను. అయినా పోయింది. పదమూడో రోజు టీచరమ్మ మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, నాయనకు చెల్లెలి నోట్సు చూపించినారు. ఆ పన్నెండు రోజులూ ఆమె రోజుకు ఒక ముక్క రాసింది. ఒక ముక్క నాకు నోటికొచ్చు: "నిన్న ఒక సాలులో 120 మొగ్గలు ఒలిచినాను. పొద్దున 114 పూలకు పొడి రుద్దినాను. 6 రాలినాయి. నూటికి 95." శాతాల లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదనుకునేరు. ఆరో తరగతి నుంచీ బోర్డు మీద చూస్తూనే ఉంది. దాన్ని వాడే చోటు ఇప్పుడు దొరికింది.

నాయనకు చదువు రాదు. కాగితం తిప్పి తిప్పి చూశాడు. "నూటికి తొంబై ఐదు అని నువ్వే లెక్క కడ్తివా పాపా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మరుసటి రోజు ఆమె బడికి పోయింది. నేను కర్నూలులో సాయంత్రాలు ఇద్దరు పిల్లలకు ట్యూషను చెప్పడం మొదలుపెట్టాను. నా మెస్సు బిల్లు అప్పటినుంచి నా వేళ్ళతోనే కట్టుకుంటున్నాను.

అద్భుతమేదో జరిగిపోయిందని అనుకోకండి. ఆ ఏడు ఆమెకు సైన్సులో 54, తెలుగులో 41 వచ్చాయి. ఇంగ్లీషు పేరెత్తితే ఇప్పటికీ పొయ్యి దగ్గరికి పారిపోతుంది. ఇప్పుడు పదో తరగతి. గట్టెక్కుతుందనే నమ్మకం నాకుంది, ఆమెకు నాకంటే కొంచెం ఎక్కువే ఉంది. ఆమెతో మందారం ఒలిచిన నలుగురిలో ఇద్దరు మాత్రం మళ్ళీ బడికి రాలేదు. వాళ్ళ ఇండ్లకు శనివారం బస్సెక్కి వచ్చే అన్న లేడు. ఈ మాట రాసేటప్పుడు నా కలం కొంచెం ఆగింది.

మనలో చాలామంది రేపు బి.యెడ్. చేస్తారు, బడుల్లో అయ్యవార్లు, టీచరమ్మలు అవుతారు. ఈ ఎనిమిది ప్రజ్ఞల పాఠం మీకు అక్కడ తప్పకుండా వస్తుంది. పరీక్షకు ఎట్లాగూ రాస్తారు. నా మనవి ఒక్కటే. ఒక పిల్లకు ఏ పని చేతనవునో కనిపెట్టడం సగం పనే. చేనులోంచి వచ్చే పిల్లకు తలుపు చేనువైపు తెరవండి, కాని లోపలికి తీసుకురండి. బయటే నిలబెట్టి "నీకు ఈ తెలివి ఉంది, సంతోషించు" అని పంపేయకండి. పిల్లకు చేతనైనది చూసి, చేతకానిది నేర్పడం మానేస్తే, అది పొగడ్త వేషం వేసుకున్న పాత తిట్టే అవుతుంది.

మొన్న ఇంటికి పోయినప్పుడు చెల్లెలిని అడిగాను, "ఆ ఎనిమిదింట్లో నీది ఎన్నో రకం తెలివి?" అని. కొర్రబియ్యం చెరుగుతూ, చేట ఆపకుండానే అన్నది:

"ముందు పదో తరగతి పాస్ గానీ అన్నా, తరవాత లెక్కపెట్టుకుందాం."